పదహారు వందల పేర్లు

తొంభై ఒకటి వేసవి నాటికి నేనూ మా నాన్నా సరిగ్గా మాట్లాడుకుని రెండేళ్లయింది. ఒకే ఇంట్లో ఉంటూ అలా ఉండటం అనుకున్నంత కష్టమేం కాదు. మధ్యలో అమ్మ ఉండేది. "నాన్న కోసం ఎవరో వచ్చారని చెప్పు" అని నేను, "ఊర్మిళకి ఉత్తరం వచ్చిందని చెప్పు" అని ఆయన. కుదుదండ్‌లోని మా మూడు గదుల ఇంట్లో మాటలన్నీ ఆవిడ చేతుల మీదుగానే అటూ ఇటూ వెళ్లేవి.

కారణం దిలీప్. నాతో బీఎస్సీ చదివాడు. తఖత్‌పూర్‌లో ఛత్తీస్‌గఢీ రైతు కుటుంబం వాళ్లది. అక్కడే హైస్కూల్లో లెక్కల మాస్టారయ్యాక, ఒక ఆదివారం తనే మా ఇంటికొచ్చి నాన్నని అడిగాడు. నాన్న అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. మొహంలోకి చాలాసేపు చూశాడు. "ఇది కుదరదు బాబూ" అన్నాడు. ఎందుకని దిలీప్ అడగలేదు. నమస్కారం పెట్టి లేచి వెళ్లిపోయాడు. నేను మాత్రం నెల రోజులు అడిగాను. "వద్దమ్మా, అంతే" తప్ప ఇంకో మాట రాలేదు ఆయన నోట. మనవాడు కాడనే కదా అనుకున్నాను. విజయనగరం నుంచి తాత రైలు పనికొచ్చి అరవై ఏళ్లయినా మనలో మనం, వాళ్లలో వాళ్లు అనేది పోలేదనుకున్నాను. దిలీప్ మళ్లీ రాలేదు. ఉత్తరం కూడా రాయలేదు. ఆ కోపం కూడా నాన్న మీదే పెట్టుకున్నాను.

ఏప్రిల్ నెలాఖర్లో డాక్టర్ ఝాన్సీగారు నాకు కబురు పంపారు. అప్పుడు నేను సదర్ బజార్‌లో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. ఝాన్సీగారు మా పేటలోని చిన్న ట్రస్టు ఆసుపత్రి నడిపేవారు. నాన్న రైల్వే ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాక రోజూ అక్కడికే వెళ్లేవాడు.

నేను వెళ్లేసరికి ఆవిడ గదిలో ఎనిమిదేళ్ల పిల్ల మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది. పేరు ఫూల్‌బాయి. తల్లి పక్కన నిలబడి "మోర్ నోనీ కే హాథ్ గోడ్ మా పీరా హే, డాక్టరిన్ బాయి" అని ఛత్తీస్‌గఢీలో చెప్పుకుని ఏడుస్తోంది. పిల్లకి కాళ్లూ చేతులూ నొప్పి.

"సికిల్, కొడవలి కణాల జబ్బు. రక్తం ఎక్కించాలి," అన్నారు ఝాన్సీగారు. "రెండేళ్ల కిందట ఎక్కిస్తే పిల్లకి పడలేదు, ప్రాణం మీదికొచ్చింది. ఏ రక్తం పడలేదు, ఏమిచ్చి బతికించాం, అన్నీ రాసి పెట్టాం. తల్లి దగ్గర కార్డు పోయింది. మా రిజిస్టరు చెదలు తినేసింది. ఇక ఉన్నది మా పాత కంప్యూటర్లో. అదేమో చచ్చిపోయింది."

ఈ జబ్బు మా వైపు చాలా ఇళ్లల్లో ఉంది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర కణం కొడవలిలా వంగిపోతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపుల నుంచీ వస్తేనే జబ్బు. ఒక్క వైపు నుంచే వస్తే ఆ మనిషికి ఏమీ కాదు, తెలియను కూడా తెలియదు. కానీ పిల్లలకి అందించగలరు. ఏడేళ్లపాటు ఆదివారాలు ఝాన్సీగారూ నాన్నా ఊరూరా తిరిగి వేళ్లు గుచ్చి పరీక్షలు చేశారు. పదహారు వందల మంది. జబ్బున్నవాళ్ల పేరు పక్కన ఎస్ ఎస్, మోసేవాళ్ల పక్కన ఏ ఎస్, ఏమీ లేనివాళ్ల పక్కన ఏ ఏ. కోర్బా పవర్‌హౌస్‌లో పనిచేసిన శ్రీనివాసరావుగారనే ఇంజినీరు ఎనభై నాలుగులో దానికి ప్రోగ్రాం రాసిచ్చాడు. పేర్లు బయటికి పొక్కకూడదని, సమాచారమంతా తన ప్రోగ్రాం తప్ప ఇంకోటి చదవలేని విధంగా కుదించి దాచాడు. తర్వాత ఆయన చనిపోయాడు. యాభై నాలుగేళ్ల వయసులో మా నాన్న కీబోర్డు నేర్చుకుని పేర్లన్నీ ఒక్క వేలితోనే కొట్టాడు.

ఆ సాయంత్రం ఝాన్సీగారు పిల్లకి సెలైనూ నొప్పి మందూ ఇచ్చి గండం గట్టెక్కించారు. నాతో మాత్రం, "ప్రతిసారీ ఇలా కుదరదు ఊర్మిళా. కొత్త కంప్యూటరొచ్చింది. అందులో ఆ ప్రోగ్రాం నడిపించగలవా?" అన్నారు.

గది గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు. "ఈ పని ఇంకెవరికైనా ఇస్తే బాగుణ్ణేమో డాక్టరుగారూ" అన్నాడు మెల్లగా.

నాకు ఒళ్లు మండింది. "నేను చేస్తాను డాక్టర్‌గారూ" అన్నాను.

మర్నాడు పొద్దున్న నాన్న ఇనప బీరువా తెరిచి పదకొండు ఫ్లాపీలు తీశాడు. అమ్మ ద్వారా కాదు, తనే తెచ్చి నా చేతిలో పెట్టాడు. "అందులో అందరి సంగతులూ ఉంటాయి. పనికి ఏటి కావాలో అదే సూడు తల్లీ" అన్నాడు. ఆయన చేతి వేళ్లు ఫ్లాపీల మీదనుంచి వెంటనే లేవలేదు.

పాత మిషనుకీ కొత్త మిషనుకీ మధ్య ఉన్న దూరం నాకు మొదటిరోజే తెలిసొచ్చింది. పాతది సీపీ/ఎమ్ అనే పద్ధతి మీద నడిచేది. కొత్తది డాస్. ఫ్లాపీ పెడితే, ఇందులో చదవడానికి ఏమీ లేదంది కొత్తది. డిస్కులు పాడయ్యాయనుకున్నాను. ఇన్‌స్టిట్యూట్‌లో తెలిసినవాళ్లు బొగ్గు కంపెనీ హెడ్డాఫీసులో రవిచంద్ర అనే ప్రోగ్రామర్ పేరు చెప్పారు. కరీంనగర్ అతను. రాగానే నవ్వాడు.

"డిస్కులు మంచిగనే ఉన్నయి మేడమ్. రాసిన వరుస వేరే. గా వరుస చదివే సామాను నా దగ్గరున్నది."

తొమ్మిది ఫ్లాపీలు బాగానే దిగాయి. రెండింటికి బూజు పట్టింది. స్పిరిటులో ముంచిన దూదితో నాన్న వాటిని తుడిచాడు, గాజు పలకలు తుడిచే అలవాటున్న చేతులతో. పది సార్లు ప్రయత్నిస్తే అవీ దిగాయి. ఫైళ్లన్నీ కొత్త మిషన్లో కళ్లముందున్నాయి. ప్రోగ్రాం పేరు చివర్న, డాస్ ప్రోగ్రాములకి ఉన్నట్టే కామ్ అని ఉంది. సంబరంగా పేరు కొట్టి మీట నొక్కాను. డాస్ కూడా అది తనదే అనుకుని మొదలెట్టింది. వెంటనే తెర కొయ్యబారిపోయింది. కర్సర్ లేదు, ఉలుకూ పలుకూ లేదు. కరెంటు తీసి పెట్టాల్సి వచ్చింది.

"పేరొక్కటే, భాష వేరే," అన్నాడు రవిచంద్ర. "గిది పాత మిషన్ కోసం రాసింది. దాని చిప్పు వేరే, దాని అడుగుడు వేరే. ఈ మిషన్‌కు ఒక్క ముక్క సమజ్ కాదు."

"అయితే మళ్లీ రాయాలా?"

"ఏం చూసి రాస్తం? రాసినాయన లేడు. ఇంకో ఉపాయమున్నది. నడుమ కూసునే ప్రోగ్రాం ఒకటి దొరికింది నాకు. పాతది ఏమడిగినా, 'నేనే గా పాత మిషన్‌ను' అని జవాబిస్తది. దాని మాట తీస్కొచ్చి డాస్‌కు చెప్తది, డాస్ మాట దానికి చెప్తది. పాతదానికి ఇల్లు మారినట్టే తెల్వది."

మూలన నిలబడ్డ నాన్న, "దుబాసీ అన్నమాట" అన్నాడు.

"అంతే సార్."

మే రెండో వారంలో ఆ దుబాసీ ద్వారా శ్రీనివాసరావుగారి ప్రోగ్రాం మొదటిసారి కళ్లు తెరిచింది. కానీ తెరంతా పిచ్చి రాతలు. అక్షరాల మధ్య గుర్తులు, ఒకదాని మీద ఇంకోటి వరసలు. ప్రోగ్రాం నడుస్తోంది, తెర మీద ఎక్కడ ఏది రాయాలో చెప్పే సంకేతాలు మాత్రం ఈ తెరకి తెలియవు. పాత తెర ఏ రకమో చెబితే దుబాసీ వాటినీ మార్చగలదట. ఆ పాత తెర అప్పటికే తుక్కులోకి పోయింది. జాబితాలో పద్దెనిమిది రకాలున్నాయి. ఒక్కొక్కటీ పెట్టి చూడాలి. సరైనదేదో ఎలా తెలియాలి? అసలు తెర ఎలా ఉండేదో నేను చూడలేదు.

చూసింది ఒక్క మనిషే. కుర్చీ లాక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"పైన మజ్జిలో ఆస్పత్రి పేరుండేది. దాని కింద ఒక గీత. ఎడం పక్క నంబరు, కుడి పక్క ఊరు. పేరు దగ్గర ఎలుగు ఎక్కువుండేది... ఇది కాదు. ఇదీ కాదమ్మా, ఊరు ఒక వరస దిగిపోయింది. ఇంకోటి సూడు."

కూలర్ రొద చేస్తోంది. మధ్యాహ్నం రెండుసార్లు కరెంటు పోయింది. అది వచ్చేదాకా ఇద్దరం విసనకర్రలతో విసురుకుంటూ కూర్చున్నాం. పద్నాలుగో రకం పెట్టగానే ఆసుపత్రి పేరు మధ్యకొచ్చి నిలబడింది. దాని కింద గీత పడింది. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇదే," అన్నాడు. "సరిగ్గా ఇలగే ఉండేది."

మొదట ఫూల్‌బాయి పేరు వెతికాం. పాత మిషనులో అర నిమిషం పట్టేదట. ఇక్కడ ప్రతి మాటా రెండుసార్లు మారి వెళ్లాలి కాబట్టి నాలుగు నిమిషాలు పట్టింది. వచ్చింది. పడని రక్తం వివరాలు, అప్పుడిచ్చిన మందులు, తారీఖులు అన్నీ. ఝాన్సీగారు చేత్తో రాసుకుని, కాగితం కళ్లకద్దుకున్నారు. పది రోజుల తర్వాత ఆ పిల్లకి రక్తం ఎక్కించారు, ఏ ఇబ్బందీ లేకుండా.

ప్రోగ్రాం కుదిరిన మర్నాడు జరిగింది ఇప్పటికీ నాకు నిన్నటిలా ఉంటుంది. రవిచంద్ర ఆఫీసుకెళ్లిపోయాడు. నాన్న ల్యాబ్‌లో ఉన్నాడు. అన్ని ఫ్లాపీల్లోని పేర్లూ దొరుకుతున్నాయో లేదో నేను ఒక్కదాన్నే సరిచూస్తున్నాను. పరీక్షించడానికి ఎవరైనా ముందు కొట్టేది తమ పేరే కదా. ఎనభై ఐదులో నాన్న మా ఇంట్లో అందరి వేళ్లూ గుచ్చాడు. ఏమొచ్చిందని అడిగితే "ప్రాక్టీసు కోసంలే" అన్నాడు. అది గుర్తొచ్చి నా పేరు కొట్టాను.

నాలుగు నిమిషాలు. లేచి కూలర్లో నీళ్లు పోసి వచ్చేసరికి తెర మీద ఉన్నాను. ఊర్మిళ, తండ్రి గోవిందరావు, కుదుదండ్. పక్కన ఏ ఎస్.

నాకు భయం వేయలేదు. నాకేమీ కాదని తెలుసు. తండ్రి పేరు కనిపించింది కాబట్టి అదీ వెతికాను. గోవిందరావు, ఏ ఎస్. అమ్మది ఏ ఏ. అయితే ఇది నాన్న నుంచి వచ్చింది. ఇంతవరకూ సరిచూడటమే.

ఆ తర్వాత కొట్టిన పేరుకి సరిచూడటంతో సంబంధం లేదు. అది నేను చేయకూడని పని. తెలిసే చేశాను. తెర మీద చుక్కలు ఒక్కొక్కటే పడుతున్నాయి, ఇన్ని పేర్లు దాటానని లెక్క చెబుతూ. ఆపాలంటే ఒక మీట నొక్కితే చాలు. నా వేలు ఆ మీట మీదే ఉంది. నొక్కలేదు.

దిలీప్, ఉపాధ్యాయుడు, తఖత్‌పూర్. ఏ ఎస్. తారీఖు, అతను మా ఇంటికి రావడానికి పది నెలల ముందుది. అడుగున నాన్న పొడి అక్షరాలు.

మిషను ఆపేసి ఇంటికి వెళ్లిపోయాను.

మూడు రోజులు ఆసుపత్రి వైపు వెళ్లలేదు. నాలుగో రోజు పొద్దున్నే నాన్న పెరట్లో బెండ మొక్కలకి నీళ్లు పోస్తుంటే వెళ్లి నిలబడ్డాను. ఆయన చెంబు కింద పెట్టాడు.

"సూశావు," అన్నాడు.

"చూశాను నాన్నా. నాది చూశాను. చూడకూడనిది కూడా చూశాను."

"స్కూల్లో క్యాంపు పెట్టినప్పుడు పిల్లలు బెదిరిపోతే, ముందు మాస్టార్లు వేళ్లిచ్చారు. అలగ ఇచ్చాడు ఆ అబ్బాయి. కాగితం అతని చేతిలోనే ఎట్టాను. మడిచి జేబులో వేసుకున్నాడు. సదివాడో లేదో నాకు తెల్దు. ఆ అబ్బాయే మనింటికొచ్చి కూకున్నాడు. ఎందుకు వద్దంటన్నానో నీకు సెప్తే, అతని రక్తం సంగతి నీకు సెప్పినట్టే కదేటమ్మా. ఆ ఒట్టు ఏసుకునే ఏడేళ్లు ఆ పని సేశాను."

"సరే. అతని సంగతి చెప్పలేవు. నా సంగతి నాకెందుకు చెప్పలేదు?"

నాన్న బెండ మొక్కల వైపు చూశాడు.

"రోజూ ఇంకొకళ్లకి సెప్పీవోణ్ణి, ఇది తప్పు కాదు, సిగ్గు కాదని. నీకు సెప్పడానికి నోరు రాలేదు. నా నుంచే వచ్చింది గదా. కాలనీలో తెలిస్తే నిన్నెవరు సేసుకుంటారని బయమేసింది."

వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఎంత విన్నదో తెలియదు. "ఆరేళ్లు నాతో కూడా సెప్పకుండా మోసినావా ఇది?" అంది. కోపంగా కాదు. వచ్చి కింద ఉన్న చెంబు తీసుకుని, మిగిలిన మొక్కలకి తనే నీళ్లు పోసింది.

నాన్న మీద నా కోపం ఆ పూటే పోయిందని చెప్పను. కానీ ఆ రోజు మధ్యాహ్నం ఆయనకి నేనే వడ్డించాను.

దిలీప్‌కి కార్డు రాశాను. ఒక మాట చెప్పాలి, శనివారం ఆసుపత్రికి రమ్మని. వస్తాడనుకోలేదు. తొమ్మిదింటి బస్సుకే వచ్చాడు, సన్నబడ్డాడు. ఓపీ బయట బెంచీ మీద కూర్చున్నాం. మేం ఎప్పుడూ హిందీలోనే మాట్లాడుకునేవాళ్లం. నా సంగతి మాత్రమే చెప్పాలని ఇంటి నుంచి ఆసుపత్రికి వస్తూ వందసార్లు అనుకున్నాను.

"నా రక్తంలో సికిల్ ఉంది. జబ్బు కాదు, మోస్తున్నాను. నాకు ఇప్పుడే తెలిసింది. నువ్వు మా ఇంటికొచ్చిన రోజున నాకు తెలియదు."

అతను నావైపు తిరిగాడు. "నీకూనా?" అన్నాడు.

అప్పుడు బయటపడింది. కాగితం అతను ఆ రోజే చదివాడు. నాన్న తన మొహం గుర్తుపట్టడం చూశాడు. రోగం ఉన్నవాడికి కూతుర్నివ్వనన్నారనుకున్నాడు. అందుకే ఎందుకని అడగలేదు, మళ్లీ రాలేదు.

"రెండేళ్లు నేను మా నాన్న కులం చూశాడనుకున్నాను," అన్నాను.

"నేను నా రక్తం చూశారనుకున్నాను," అన్నాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది. తర్వాత నాకు ఏడుపొచ్చింది, అతను బెంచీ మీది రంగు పెచ్చులు గోటితో గీకుతూ కూర్చున్నాడు.

నాలో ఒకటి మిగిలిపోయింది. "అచ్ఛా, ఇంకోటి కూడా చెప్పాలి. నీ పేరు కూడా వెతికి చూశాను. చూడకూడదు."

అతను గీకడం ఆపాడు. "నేను చెప్పాకే నువ్వు చెప్పావు," అన్నాడు. "పోనీలే."

ఝాన్సీగారు మందుల చీటీ వెనక నాలుగు గళ్లు గీసి చూపించారు. ఇద్దరూ మోసేవాళ్లయితే ప్రతి కాన్పులోనూ పిల్లకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. వెల్లూరులో కడుపులో ఉండగానే పరీక్ష మొదలుపెట్టారు. అసలు కనకుండానూ ఉండొచ్చు, పెంచుకోవచ్చు. "చేసుకోవద్దనడానికి నేనెవర్ని? ఏం చేసినా తెలిసి చెయ్యండి" అన్నారు. ఆ నాలుగు గళ్ల ముందు మేం చాలాసేపు కూర్చున్నాం. లేచేటప్పటికి, పెళ్లి చేసుకుంటామని ఇద్దరికీ తెలుసు.

నాన్న విని తలూపాడు. అమ్మ దిలీప్‌కి ఏం కూర ఇష్టమో అడిగింది. మిగిలింది దిలీప్ వాళ్లమ్మ. అతను ఇంటికెళ్లి, తన రక్తం సంగతీ నా రక్తం సంగతీ రెండూ ఆవిడకి చెప్పాడు. ఆవిడ విని ఊరుకుంది. అవుననలేదు, కాదనలేదు. రెండు వారాలైనా అంతే.

జూలై మొదటి వారంలో, వానలు పడ్డాక, తఖత్‌పూర్ స్కూల్లో మళ్లీ క్యాంపు పెట్టారు. ఝాన్సీగారు రోగులతో లోపలి గదిలో ఉన్నారు. బయట వరండాలో నాన్న బల్ల, పక్కన పేర్లు రాసుకోవడానికి నేను. డెబ్బై ఎనభై మంది ఆడవాళ్లు తడిసిన చీర కొంగులు తలమీద కప్పుకుని నిలబడ్డారు. ఒక్కరూ ముందుకు రాలేదు.

"ఆవో దాయీ," అంటూ రమ్మన్నాడు నాన్న.

గుంపులోంచి ఎవరో, "నాఁవ్ లిఖబే త నోనీ కే బిహావ్ నై హోహీ" అన్నారు. పేరు రాశావంటే మా పిల్లకి పెళ్లి కాదని. ఔనౌనని చాలా తలలు ఊగాయి. వెనకవాళ్లు అప్పుడే గేటు వైపు తిరుగుతున్నారు.

నాన్న లేచి నిలబడ్డాడు. ఏడేళ్లలో ఏ క్యాంపులోనూ ఆయన పరీక్ష గురించి తప్ప ఇంకో ముక్క మాట్లాడగా ఎవరూ వినలేదు. గొంతు సవరించుకుని, తనకొచ్చిన ఛత్తీస్‌గఢీలోనే అన్నాడు. "మోర్ నాఁవ్ గోవిందరావు. మోరో ఖూన్ మా హే."

నా రక్తంలోనూ ఉందని. గేటు వైపు తిరిగినవాళ్లు ఆగారు. ఆయన అక్కడితో ఆపేశాడు. నావైపు చూడలేదు. నా సంగతి చెప్పడానికి ఆయనకి హక్కు లేదని ఆయనకి తెలుసు.

నేను పెన్ను కింద పెట్టి లేచాను. "నేను ఈయన కూతుర్ని. నాకూ ఉంది," అన్నాను. "ఈ ఏడు నాకు పెళ్లి కూడా అవ్వచ్చు. పిల్లవాడి తల్లి ఒప్పుకుంటే."

ఎవరో నవ్వారు. ఆ నవ్వులోంచే గుంపు పక్కకి జరిగింది. వెనకనుంచి ఒకావిడ వచ్చింది, పొట్టిగా, ముంజేతుల నిండా పచ్చబొట్లతో. ఆవిణ్ణి నేను అంతకుముందు చూడలేదు. కానీ నుదురూ కళ్లూ దిలీప్‌వే. నావైపు ఒకసారి పైనుంచి కిందిదాకా చూసి, నాన్న ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. చేయి చాచింది.

"మోరో ల దేఖ్ దే, సమధీ," అంది.

నాదీ చూసిపెట్టు, వియ్యంకుడా.

నాన్న దూది అందుకోవడానికి వంగాడు. ఆవిడ వేలు తుడవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.